ఆ కొడుక్కీ ఒక మాట ఇవ్వు

అమ్మలూ,

నువ్వు పంపిన నాటిక చదివాను. మొదట మామూలుగా చదివాను. తర్వాత గది తలుపు వేసుకుని, పాత్ర పాత్రకీ గొంతు మార్చి పైకి చదివాను. నాటకాన్ని పైకి చదివితే తప్ప ఎక్కడ ప్రాణం ఉందో, ఎక్కడ లేదో తెలియదు. నీ రచనలో ప్రాణం ఉన్న చోట్లు చాలా ఉన్నాయి. పొద్దున్నే వచ్చిన పాలవాడితో ఆ ముసలాయన ఇవాళ్టి నుంచి అరలీటరు చాలంటాడు చూడు, అక్కడ ఆగిపోయాను. భార్య పోయిందనీ, ఇంట్లో ఒక్కడే మిగిలాడనీ ఇంకెవరూ చెప్పక్కర్లేకుండా ఆ అరలీటరే చెప్పేసింది. ఆ ముక్క రాయగలిగినదానివి నాటకం రాయగలవు. పెదనాన్నని కాబట్టి ముద్దుకి అంటున్నాననుకోకు. స్టేజీ మీదా, తెర వెనకా ఇన్నేళ్లు గడిపినవాడిగా అంటున్నాను.

ఇక నా మనసుకి పట్టని సంగతి. నీ నాటికలో కొడుకు హైదరాబాదు నుంచి వస్తాడు. కూర్చోడు. మంచినీళ్లు కూడా ముట్టుకోడు. ఇల్లు అమ్మేద్దామంటాడు, ఆశ్రమంలో మాట్లాడి వచ్చానంటాడు, సంతకం పెట్టమంటాడు, వెళ్లిపోతాడు. ఆ తర్వాత తండ్రి ముందుకొచ్చి, లైటు తన ఒక్కడి మీద పడుతుండగా, రెండు పేజీల పైన మాట్లాడతాడు. పిల్లల్ని ఎలా పెంచాడో, ఏమేం తాకట్టు పెట్టి చదివించాడో, కాలం ఎంత మారిపోయిందో. తెర.

నేను ఆ తండ్రి ఈడువాణ్ణి. నువ్వు రాసింది నా పక్షమే. అందుకే ఈ మాట నేను చెబితే నీకు నమ్మకం కుదరాలి. ఆ కొడుక్కి మాట ఇవ్వు తల్లీ. అతని నోట నువ్వు పలికించినవన్నీ అతని మీద నేరం రుజువు చెయ్యడానికి పోగుచేసుకున్న సాక్ష్యాలు. ఒక్కటీ అతని సొంత మాట కాదు. అతను ఎందుకు కూర్చోలేదు? ఆ ఇంట్లో నీళ్లు ఎందుకు గొంతు దిగలేదు? అది నీకు తెలియాలి. తెలిశాక అతని చేత చెప్పించాలి. వీలైతే చెప్పించకుండానే తెలిసేటట్టు చెయ్యాలి, పాలవాడి దగ్గర చేశావే, అలాగ.

నాటక పరిషత్తు పోటీల్లో వృద్ధాశ్రమం నాటిక లేని ఏడాది నాకు గుర్తు లేదు. ఆ ఆఖరి ఉపన్యాసానికి చప్పట్లు పడతాయని నాకు తెలుసు. ముందు వరసలో పెద్దవాళ్లు కళ్లు తుడుచుకుంటారు, ఉత్తమ నటుడి బహుమతి కూడా వస్తుంది. ఆ కన్నీళ్లు నిజమైనవే, నేను వాటిని తక్కువ చెయ్యను. కానీ ఆ హాల్లోనే వెనక వరసలో ఒక కొడుకు కూర్చుని ఉంటాడు. తండ్రిని ఆశ్రమంలో చేర్చి వచ్చినవాడో, చేర్చాలా వద్దా అని నిద్ర పట్టనివాడో. నీ నాటిక అతనితో ఏమీ మాట్లాడలేదు. అతను నాటిక అవుతున్నంతసేపూ తలుపు వైపు చూస్తూ కూర్చుంటాడు. ఆధునిక నాటకం అని మనం పిలుచుకునేది, నా లెక్కలో, ఆ వెనక వరస మనిషిని కూడా లోపలికి రమ్మన్న రోజున పుట్టింది.

ఇబ్సెన్‌ని నువ్వు కాలేజీలో చదివావు. స్త్రీ స్వేచ్ఛ, తలుపు చప్పుడు అని నోట్సులో రాసుకుని ఉంటావు. ఇప్పుడు నాటకం రాసే మనిషిగా మళ్లీ చదువు. నార్వే దేశపు ఈ మనిషి 1851లో, ఇరవై మూడేళ్ల వయసులో, బెర్గెన్ ఊరి నాటకశాలలో ఉద్యోగానికి చేరాడు. ఆ రోజుల్లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నాటకాలదే రాజ్యం. దాచిన ఉత్తరాలు, బయటపడే రహస్యాలు, ఆఖరి నిమిషంలో చేతికి చిక్కే కాగితాలు, ఇవే వాటికి ఇరుసు. ఇబ్సెన్ ఆ సరుకంతా నేర్చుకున్నాడు. 1879 డిసెంబరు 21న కోపెన్‌హాగెన్‌లో మొదటిసారి ఆడిన ‘ఎ డాల్స్ హౌస్’లో ఆ సరుకంతా ఉంది కూడా. అప్పు పత్రం ఉంది, దొంగ సంతకం ఉంది, ఉత్తరాల పెట్టె ఉంది. ఆ పత్రం చూడు ఎంత బాగా అల్లాడో. ఆ ఇంటి ఇల్లాలు నోరా తన తండ్రి సంతకం తనే పెట్టింది. తండ్రి పోయింది సెప్టెంబరు 29న, సంతకం కింద తేదీ అక్టోబరు 2. మూడు రోజుల తేడాలో ఒక సంసారం నిలబడి ఉంది.

పాత పద్ధతి నాటకమైతే ఆ పత్రం పట్టుకుని బెదిరించే క్రోగ్‌స్టాడ్ దుర్మార్గుడయ్యేవాడు. ఇబ్సెన్ అతన్ని అలా వదల్లేదు. భార్య పోయింది, పిల్లలు ఎదుగుతున్నారు, ఎప్పుడో చేసిన ఒక తప్పుకి ఊరంతా వెలివేసింది. పిల్లల కోసం మళ్లీ పరువుగా బతకాలని బ్యాంకులో చిన్న ఉద్యోగం పట్టుకుంటే, ఆ ఉద్యోగమూ పోతోంది. అతను చేసిన తప్పు ఏమిటి? నోరా చేసినదే, దొంగ సంతకం. ఇంత తెలిశాక ప్రేక్షకుడు అతన్ని ఎలా తిట్టుకుంటాడు?

నోరా భర్త హెల్మర్ సంగతి ఇంకా ముఖ్యం. భార్యని పిట్టా, ఉడతా అని పిలుస్తాడు, మిఠాయి తినకూడదంటాడు, ఆమె దొంగతనంగా తిని మూతి తుడుచుకుంటుంది. ఇవి చూసి అతను మూర్ఖుడనుకోవడం తేలిక. కానీ అతను కష్టపడి పైకొచ్చాడు. ఆరోగ్యం పాడయ్యేటంతగా పనిచేశాడు. అప్పు చేసిన ఇల్లు ఇల్లు కాదని నమ్మాడు, అలాగే బతికాడు. తన కొలతల్లో అతను మంచి భర్త. అందుకే క్రోగ్‌స్టాడ్ ఉత్తరం చదివిన క్షణాన అతని నోట వచ్చే మాటలు అంత భయపెడతాయి. ముందు నుంచీ చెడ్డవాడైతే మనకి ఆశ్చర్యం ఏముంది? పత్రం తిరిగొచ్చాక అతను ముందు తను బయటపడ్డాననే అంటాడు. నోరా ఆ ‘తను’ వినేసింది. ఆ తర్వాత ఎనిమిదేళ్ల కాపురంలో మొదటిసారి ఇద్దరూ బల్లకి అటూ ఇటూ కూర్చుని మాట్లాడుకుంటారు. కథ అయిపోయిందనుకున్న చోట కూర్చుని మాట్లాడుకోవడమే ఆ నాటకంలో కొత్తదనమని బెర్నార్డ్ షా తర్వాత రాశాడు. అది ఉపన్యాసం కాలేదంటే కారణం, బల్లకి అవతల హెల్మర్ ఉండటం. అతను ఊరుకోడు, అడ్డం వస్తాడు, మతం అంటాడు, పిల్లలంటాడు, బతిమాలతాడు. ఆమె ప్రతి మాటా అతన్ని దాటుకుని రావాలి. అలా వచ్చి, ఆఖరికి భర్తనీ పిల్లల్నీ వదిలి, తలుపు వేసి వెళ్లిపోతుంది.

జర్మనీలో ఒక పెద్ద నటి, నా పిల్లల్ని నేనైతే వదిలి వెళ్లను, ఈ ముగింపు ఆడనంది. హెడ్విగ్ నీమన్-రాబె ఆమె పేరు. ఇంకెవరో చెడగొట్టే కంటే తనే రాసిస్తే నయమని ఇబ్సెన్ వేరే ముగింపు రాసిచ్చాడు. హెల్మర్ ఆమెని పిల్లలు పడుకున్న గది గుమ్మం దాకా తీసుకెళతాడు, ఆమె కుప్పకూలుతుంది, తెర పడుతుంది. రాసిచ్చినందుకు ఆయన తర్వాత బాధపడ్డాడు. ఆ రెండో ముగింపు ఇవాళ దాదాపు ఎవరూ ఆడరు. రేపు నీ నాటిక ఆడించేవాళ్లు, తండ్రీ కొడుకులు కౌగిలించుకుంటే బాగుంటుందమ్మా, జనం తృప్తిగా లేస్తారు అంటారు. అప్పుడు ఈ సంగతి గుర్తుంచుకో.

1898లో నార్వే మహిళా హక్కుల సంఘం ఇబ్సెన్‌కి సన్మానం చేసింది. ఆయన లేచి, తను మహిళా ఉద్యమం కోసమని ఏమీ చెయ్యలేదనీ, మనుషుల్ని చిత్రించడమే తన పని అనీ చెప్పాడు. సన్మానానికి పిలిచినవాళ్లు ఏమనుకున్నారో గానీ నాకు మాత్రం అది గొప్ప వినయంగా కనిపిస్తుంది. ఆయన మనుషుల్ని చిత్రించాడు కాబట్టే ఉద్యమానికి పనికొచ్చాడు.

‘ఎ డాల్స్ హౌస్’ వెనక ఇంకో కథ ఉంది, అది నీకు తప్పకుండా చెప్పాలి. లారా కీలర్ అని ఇబ్సెన్ దంపతులకి బాగా తెలిసిన అమ్మాయి. భర్తకి క్షయ వస్తే, అతన్ని చలి లేని దేశానికి తీసుకెళ్లి బతికించుకోవడానికి అతనికి తెలియకుండా అప్పు చేసింది. బయటపడ్డాక భర్త ఆమెని పిచ్చాసుపత్రిలో పెట్టించాడు, పిల్లలకి దూరం చేశాడు. నోరా కథ అక్కణ్ణించి వచ్చింది. నాటకం లోకమంతా తిరిగింది, ఆమెని మాత్రం జనం నోరా అని వేలెత్తి చూపించారు. ఆ దెబ్బ ఆమెని చాలా కాలం వెంటాడింది. నీ నాటికలో ముసలాయన ఎవరో, ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో నేను పోల్చుకున్నాను. నేను పోల్చుకుంటే ఊళ్లో అందరూ పోల్చుకుంటారు. ఊరు మార్చు, ఉద్యోగం మార్చు, అరుగు మీద ఆ పడక్కుర్చీ తీసెయ్యి. పాలవాడిని మాత్రం ఉంచు, పాలవాడు అన్ని వీధుల్లోనూ వస్తాడు.

మన గురజాడ దగ్గరికి వద్దాం. నోరా తలుపు వేసిన పదమూడేళ్లకి, 1892లో, విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవాళ్లు ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో బాగా పెంచి, మార్చి మళ్లీ అచ్చువేశాడు. మనం ఇవాళ చదివేది ఆ రెండోదే. ఒకరిని చూసి ఒకరు రాశారని నేను అనడం లేదు. ఇద్దరికీ ఎదురైన కష్టం ఒకటే అంటున్నాను. కళ్లెదుట ఘోరం జరుగుతోంది, దాని మీద కడుపు మండుతోంది. ఆ మంటతో ఉపన్యాసం రాయాలా, నాటకం రాయాలా?

గురజాడ చేతిలో ఉపన్యాసానికి కావలసిన సరంజామా అంతా ఉంది. విజయనగరం మహారాజు ఆనందగజపతి, విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల జాబితా తయారుచేయించాడు. 1,034 పెళ్లిళ్లు తేలాయి. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ పసిగుడ్డులకి 350 నుంచి 400 రూపాయల ధర. మొదటి ముద్రణకి ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఈ అంకెలన్నీ పెట్టాడు. చదివితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ అంకెల్లో ఒక్కదాన్నీ తీసుకెళ్లి ఏ పాత్ర నోటా పెట్టలేదు. ముందుమాటలో చెప్పవలసింది ముందుమాటలో చెప్పాడు. నాటకంలో అగ్నిహోత్రావధాన్లు తన చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి పద్ధెనిమిది వందలకి ఖాయం చేసి వచ్చాడు, భార్య వెంకమ్మ ప్రాణం తీసుకోబోయింది, ఇల్లు అల్లకల్లోలం అయింది. అంతే మనకి చూపించాడు.

ఇంకా సాహసం ఏమిటంటే, తను నమ్మిన సంస్కరణ మాటలన్నీ ఎవరి నోట పెట్టాడు? గిరీశం నోట. వితంతు వివాహాల గురించీ, చదువుల గురించీ, వేశ్యాలోలత్వం గురించీ ఆ నాటకంలో అందరికంటే ఎక్కువ మాట్లాడేది గిరీశమే. పూటకూళ్లమ్మ సొమ్ము తిన్నవాడు, భోగంమనిషి మధురవాణి ఇంటి నుంచి పారిపోయినవాడు, చదువు చెబుతానని అగ్నిహోత్రావధాన్లు ఇంటికి వచ్చి ఆ ఇంటి ఆడపిల్ల బుచ్చమ్మ మీద కన్నేసినవాడు. నువ్వు ప్రాణప్రదంగా నమ్మిన మాటని ఒక మోసగాడి చేతికివ్వడానికి ఎంత గుండె కావాలి! మాట మంచిదైనంత మాత్రాన పలికేవాడు మంచివాడు కానక్కర్లేదని ఆయన ప్రేక్షకుడికి తెలియజెప్పాడు. పోనీ గిరీశాన్ని ఏహ్యంగా గీశాడా? లేదే. నూరేళ్లు దాటినా మనం గిరీశంతో కూర్చుని కబుర్లు చెప్పించుకోవాలనే చూస్తాం. స్టేజీ మీద గిరీశం వేసేవాడి చుట్టూ ఊరు మూగుతుంది.

సౌజన్యారావు పంతుల్ని తీసుకో. నాటకం మొత్తానికి నికార్సయిన మంచి మనిషి. వకీలు. అన్యాయంగా ఖూనీ కేసులో ఇరుక్కున్న లుబ్ధావధాన్లుని విడిపించాలని తాపత్రయపడతాడు. భోగంవాళ్ల మొహం చూడనని ఆయనకి నియమం. గురజాడ ఏం చేశాడు? ఆ ముసలాయన్ని కాపాడగలిగిన నిజాన్ని మధురవాణి చేతిలో పెట్టి, ఆమెని మగవేషంలో ఆయన ఇంటికే పంపించాడు. ఆ రంగం మళ్లీ చదువు, నెమ్మదిగా చదువు. ఆయన నియమం ఆయనకి నిజంగా విలువైనది. ఆమె మర్యాద ఆమెకీ అంతే విలువైనది. ఆమె అడగవలసింది అడుగుతుంది, ఆయన చెమటలు కక్కుతాడు, తన మంచితనంలో ఎక్కడ బీట ఉందో ఆయనకే తెలిసొస్తుంది. ఆఖరికి ఆయన చేత నియమం తప్పించని ఔదార్యం ఆమెదే. గురజాడ స్వయంగా సౌజన్యారావు పక్షం మనిషి. అయినా ఆ గదిలో బలమైన మాటలన్నీ అవతలి మనిషికిచ్చాడు. తెలుగులో నాటకం రాయడం నేర్చుకోవాలంటే ఆ ఒక్క రంగం దగ్గర ఒక సంవత్సరం కూర్చోవచ్చు.

మనవాళ్లు ఇబ్సెన్‌ని నేరుగా చదివి రాసిన రోజులూ వచ్చాయి. రాజమన్నారు ‘తప్పెవరిది’ రాశాడు, బళ్లారి రాఘవ దాన్ని ఆడాడు. పద్యం, రాగం ఏలుతున్న రంగస్థలం మీద ఇంట్లో మాట్లాడుకున్నట్టు మాట్లాడిన మనిషి రాఘవ. ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టినవాళ్లలో ఆయన ముందువరస. నువ్వు ఇవాళ నాటిక రాసి, నువ్వే అందులో వేషం కడతానని ఇంట్లో చెప్పగలుగుతున్నావంటే అలాంటివాళ్ల చలవ అందులో ఉంది.

ఇక చెహోవ్. ఆయన్ని నేను అందరికంటే ఎక్కువ ప్రేమిస్తాను. ‘చెర్రీ తోట’ 1904 జనవరిలో మాస్కో ఆర్ట్ థియేటర్లో మొదటిసారి ఆడింది, అదే ఏడాది జులైలో ఆయన పోయాడు, నలభై నాలుగేళ్లకే. అప్పుల్లో పడి తోట పోగొట్టుకుంటున్న జమీందారీ కుటుంబం కథ అది. కొనేవాడు లొపాహిన్. అతని తాతా తండ్రీ ఆ ఎస్టేటులోనే వెట్టి మనుషులు, వంటింట్లోకి కూడా అడుగుపెట్టనివ్వని కాలం వాళ్లది. ఇంకొకడు రాస్తే లొపాహిన్ డబ్బు మదంతో వచ్చి తోట కాజేసిన మనిషయ్యేవాడు. చెహోవ్ ఉత్తరాల్లో ప్రాధేయపడ్డాడు, అతను మర్యాదస్తుడు, మంచివాడు, అలాగే వెయ్యండి అని. ఆ థియేటరు దర్శకుడు స్తానిస్లావ్‌స్కీయే ఆ వేషం కట్టాలని ఆశించాడు, ఆయనేమో ఇంకో వేషం తీసుకున్నాడు. నాటకంలో ఆ ఇంటివాళ్లకి ఎస్టేటు నిలిచే ఉపాయం చెప్పేది లొపాహిన్ ఒక్కడే. చెప్పిందే చెబుతాడు, వాళ్లు వినరు. చివరికి వేలంలో తనే కొంటాడు. కొన్న సంతోషం పట్టలేడు, వాళ్ల ఏడుపు చూసి తట్టుకోలేడు.

అందులో నీకు చూపించాలనుకున్నది ఒక చిన్న రంగం. ఆ ఇంట్లో పెరిగిన వార్యాని లొపాహిన్ పెళ్లి చేసుకుంటాడని అందరూ అనుకుంటారు. ఇల్లు ఖాళీ చేసే రోజు. సామాను కట్టేశారు. ఇద్దరినీ ఒక గదిలో వదిలారు, ఇవాళ అడిగేస్తాడని. ఆమె సామానులో ఏదో పోయినట్టు వెతుకుతూ ఉంటుంది. అతను, ఇక ఎక్కడికి వెళతావని అడుగుతాడు. చెబుతుంది. నిరుడు ఈపాటికి మంచు పడింది, ఇప్పుడు ఎండగా ఉందంటాడు, మూడు డిగ్రీల చలి అంటాడు. మా థర్మామీటరు పగిలిపోయిందంటుంది. బయట నుంచి ఎవరో పిలుస్తారు. ఆ పిలుపు కోసమే ఎదురు చూస్తున్నవాడిలా అతను వెళ్లిపోతాడు. ఆమె నేల మీద కూర్చుని ఏడుస్తుంది. అంతే. ప్రేమ అన్న మాట లేదు, పెళ్లి అన్న మాట లేదు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. నేను ఆ రంగం ఎన్నిసార్లు చదివినా, ఈసారైనా అడుగుతాడేమోనని ఆశగా చదువుతాను.

ఇలా రాయడం లోకానికి మొదట రుచించలేదు. 1896 అక్టోబరులో పీటర్స్‌బర్గ్‌లో ‘సీగల్’ ఆడిన రాత్రి జనం గోల చేసి నవ్వారు. ఒక హాస్యనటి గౌరవార్థం పెట్టిన ప్రదర్శన అది, జనం నవ్వుకోవడానికే వచ్చారు. చెహోవ్ హాలు వదిలి వీధుల్లో తిరిగాడు, ఇక జన్మలో నాటకం రాయనన్నాడు. రెండేళ్లకి మాస్కో ఆర్ట్ థియేటర్లో అదే నాటకానికి జనం నీరాజనం పట్టారు, ఆ సీగల్ పక్షే ఆ థియేటరుకి గుర్తయింది. నీ నాటికకి మొదటి పరిషత్తులో బహుమతి రాకపోతే ఇది తలుచుకో. వచ్చినా తలుచుకో.

బ్రెహ్ట్ దారి వేరు. ప్రేక్షకుడు ఏడవకూడదు, ఆలోచించాలి అన్నాడు. ‘మదర్ కరేజ్’లో ఆ తల్లి యుద్ధంలో బండి తోలుకుంటూ సరుకులమ్ముకుని బతుకుతుంది. కొడుకుని విడిపించే లంచం దగ్గర బేరమాడుతూ ఆలస్యం చేస్తుంది, కొడుకు పోతాడు. 1941లో జ్యూరిక్‌లో ఆడితే జనం ఆమె కోసం ఏడ్చారు. బ్రెహ్ట్‌కి అది నచ్చక, ఆమె వ్యాపార బుద్ధి ఇంకా కరుకుగా కనిపించేలా తిరగరాశాడు. 1949లో బెర్లిన్‌లో ఆయన భార్య హెలెన్ వైగెల్ ఆ వేషం కట్టింది. కొడుకు చావు దగ్గర నోరు పూర్తిగా తెరిచి, గొంతులోంచి చిన్న శబ్దం కూడా రానివ్వకుండా ఏడ్చింది. జనం మళ్లీ ఏడ్చారు. రచయిత తీర్పు చెప్పాలని చూసినా ఆ తల్లి ఒప్పుకోలేదు. అంత నిండుగా సృష్టించాక ఆమె ఇక ఆయన మాట వినదు. అది బ్రెహ్ట్ ఓటమి అని కొందరంటారు. నేను ఒప్పుకోను, అదే ఆయన గొప్పతనం.

మన దేశంలో టెండూల్కర్, కర్నాడ్ నాటకాలు తర్వాత చదువు. కర్నాడ్ ‘తుగ్లక్’ 1964లో రాసినప్పుడు కుర్రవాడే. పిచ్చి తుగ్లక్ అని లోకం తీసిపారేసిన రాజుని నిద్రలేని కలలు కన్న మనిషిగా నిలబెట్టాడు. బెకెట్ జోలికి ఇప్పుడప్పుడే పోకు. గొప్పవాడే, కానీ నువ్వు ముందు ఇంట్లో మనుషుల్ని రాయడం గట్టిచేసుకో.

ఇప్పుడు నీ నాటికకి ఏం చెయ్యాలో చెబుతాను. ఆఖరి ఉపన్యాసం కొట్టెయ్యి. అందులో రెండు మంచి వాక్యాలున్నాయి. పుస్తెలు తాకట్టు పెట్టి ఫీజు కట్టిన సంగతి ఒకటి, చిన్నప్పుడు కొడుకు జ్వరంలో ఏమడిగాడో అది రెండోది. ఈ రెండూ తండ్రి నోటి నుంచి తీసి కొడుకు చేత అనిపించి చూడు. పుస్తెల సంగతి కొడుక్కి తెలుసు. తెలిసినవాడు సంతకం అడగడానికి వచ్చాడు. అప్పుడు అతను ఎందుకు కూర్చోలేకపోయాడో నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

కొడుక్కి కారణాలు వెతుకు. నెల నెలా కట్టే ఫ్లాటు వాయిదా, రాత్రి డ్యూటీ, రెండు గదుల ఇల్లు. ఇవి అందరూ చెప్పేవే, ఇవి చాలవు. తండ్రి అర్ధరాత్రి పడిపోయి తెల్లారేదాకా నేల మీదే ఉన్నాడనీ, పక్కింటివాళ్లు ఫోను చేస్తే అతను ఆరు గంటలు బస్సులో ఏ వార్త వినాల్సొస్తుందో అని కూర్చున్నాడనీ అనుకో. ఆశ్రమం మాట ఆ బస్సులో పుట్టిందనుకో. ఇప్పుడు తండ్రి, నా ఇంట్లోనే పోతాను అంటాడు. అదీ న్యాయమే. కొడుకు, నువ్వు పోతే నేను ఎలా బతకాలి అంటాడు. అదీ న్యాయమే. ఇల్లు అమ్మాలనడంలో అతనికి డబ్బు అవసరం కూడా ఉండనీ, ఆ సంగతి దాచకు, మనుషులు ఒకే కారణంతో ఏ పనీ చెయ్యరు. తండ్రికీ మొండితనం ఉండనీ. రెండుసార్లు కొడుకు రమ్మని పిలిస్తే కోడలి వంట పడదని వెళ్లనివాడు కావచ్చు. మా ఈడువాళ్లలో ఆ గుణం ఉంది, రాయడానికి మొహమాటపడకు.

కోడలు నీ నాటికలో ఫోనులో గొంతుగా మాత్రమే ఉంది. బడ్జెట్టు కోసం, పాత్రల సంఖ్య కోసం అలా చేశావని అర్థమైంది. అయితే ఆ గొంతుని సణిగే గొంతుగా పెట్టకు. ఆమె మావగారి బీపీ మాత్రల పేరు గుర్తుపెట్టుకుని అడిగిందనుకో, ఒక్క క్షణంలో ఆ ఇల్లు ఎంత పెద్దదవుతుందో చూడు.

లైటు తండ్రి ఒక్కడి మీదే పడటం తీసెయ్యి. ఇద్దరూ వెలుగులోనే ఉండాలి. మైకుల సంగతీ మనసులో పెట్టుకో. చాలా హాళ్లలో స్టేజీ ముందు వరసగా పెట్టిన మైకుల దగ్గరికి నటులు నడిచొచ్చి మాట్లాడతారు, దాంతో తండ్రీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జనానికి చెబుతున్నట్టు అయిపోతుంది. బల్ల ఒకటి మైకుకి దగ్గరగా వేయించు. దాని మీద సంతకం పెట్టవలసిన కాగితాలు, పక్కనే కొడుకు ముట్టుకోని నీళ్ల గ్లాసు. ఇద్దరూ అక్కడే కూర్చుంటారు, వేరే చోటికి పోనవసరం లేదు.

గడువు దగ్గర పడిందని కంగారుగా పంపెయ్యకు. ముందు ఇంట్లో చదివించు. మీ నాన్న చేత తండ్రి పాత్ర చదివించు, వాడికి గొంతు బాగుంటుంది, చిన్నప్పుడు మా నాటక సమాజంలో బాలనటుడి వేషాలు కట్టినవాడే. పాలవాడి మాటలు మీ తమ్ముడికివ్వు. కొడుకు పాత్ర ఇంకెవరికీ ఇవ్వకు, నువ్వే చదువు. చదువుతున్నప్పుడు ఏ మాట దగ్గర నీకు గొంతు పెగల్లేదో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకుని, ఆ రాత్రే తిరగరాయి. ఆ కాగితాలు నాకు పంపేటప్పుడు కొట్టివేతలతో సహా పంపు. ఏం ఉంచావో ఎంత చూడాలని ఉందో, ఏం తీసేశావో కూడా అంతే చూడాలని ఉంది.

మీ పెదనాన్న